డీఎన్‌ఎస్‌మాస్క్, కీయా, రౌటర్: కరెంటు పోయొచ్చే ఇంటికి ఏది మేలు?

ఇంట్లో లైనక్స్ మిషన్ పెట్టుకున్నవాళ్లు కొన్నాళ్లకు నన్ను అడిగేది ఒకటే. ఐపీలు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే అడ్రస్‌లు) పంచే పనిని, అంటే డీహెచ్‌సీపీని, రౌటర్‌కే వదిలేయాలా, లేక లైనక్స్ మీద నడిచే డీఎన్‌ఎస్‌మాస్క్, కీయా అనే సాఫ్ట్‌వేర్లలో ఒకదానికి అప్పగించాలా అని. మూడూ వాడి చూశాను. కర్నూల్లో ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోతుంది. తిరిగొచ్చాక ఎవరూ చెయ్యి పెట్టకుండా ఇంట్లో నెట్ రావాలి. నేను అన్నింటికంటే ముందు చూసింది ఇదే.

ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, అంతే అయితే రౌటర్‌ను కదపొద్దు. కరెంటు రాగానే అదే లేస్తుంది, అదే ఐపీలిస్తుంది. మినీ యూపీఎస్ తగిలిస్తే చిన్న చిన్న కోతలకు ఆగనే ఆగదు. ప్రింటర్‌కో, సీసీ కెమెరా రికార్డర్‌కో ఎప్పుడూ ఒకే ఐపీ ఉండాలనుకున్నప్పుడే చిక్కు. నెట్ కనెక్షన్‌తో ఇచ్చే రౌటర్ డబ్బాలు కొన్నింటిలో ఆ వీలుండదు, డీఎన్‌ఎస్ (పేరు కొడితే దాని ఐపీ చెప్పే సర్వర్) కూడా మార్చనివ్వవు. మా ఇంట్లో ఉన్నది అలాంటిదే. అందుకే ఒక మినీ పీసీ కొని దాని మీద మొదట కీయా పెట్టాను.

కీయా మంచి సాఫ్ట్‌వేర్. ఇదే పని చేసే తమ పాత సాఫ్ట్‌వేర్ ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ నిర్వహణను 2022లో ఆపేసి, అందరినీ దీనివైపు రమ్మన్నది ఐఎస్‌సీ అనే సంస్థ వాళ్లే. లీజులు (ఏ పరికరానికి ఏ ఐపీ ఎంతసేపటికి ఇచ్చిందన్న లెక్క) మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో దాచొచ్చు, రెండు సర్వర్లను జోడీగా నడపొచ్చు, సర్వీసు ఆపకుండానే సెట్టింగులు మార్చొచ్చు. కాలేజీకో, వంద సిస్టమ్‌లున్న ఆఫీసుకో అడిగితే కీయానే పెట్టమంటాను.

మా ఇంట్లో నాలుగు నెలలు బాగానే నడిచింది. మే నెలలో నేను నంద్యాలలో పెళ్లికి వెళ్లిన రోజు ఇక్కడ గాలివానకు కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. వెంటనే మా ఆవిడ ఫోన్: "ఏమండీ, వైఫై ఐపీ అడ్రస్ తీసుకుంటా ఉంది అని తిరుగుతానే ఉంది. పాప ఎంసెట్ మాక్ టెస్ట్ రాయాల, టెన్షన్ పడుతోంది." డబ్బా ఆపి వేయమన్నాను, లాభం లేదు. మినీ పీసీ ఆపి వేశాకే నెట్ వచ్చింది.

రాత్రి ఇంటికొచ్చి లాగ్ తెరిచాను. ఇంటర్‌ఫేస్ (మిషన్‌లో నెట్ కేబుల్ తగిలే చోటు) రన్నింగ్‌లో లేదు కాబట్టి సాకెట్ (పరికరాలు అడిగేది వినే ద్వారం) తెరవలేకపోయానని ఉంది. జరిగింది ఇది: మినీ పీసీ అర నిమిషంలో లేచింది, డబ్బా లేవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆలోపు కేబుల్‌లో లింకు లేదు. కీయా మొదలవుతూనే ఇంటర్‌ఫేస్ కోసం చూసింది, దొరకలేదు, ఇక మళ్లీ చూడలేదు. సర్వీసు మాత్రం నడుస్తున్నట్టే చూపిస్తోంది. నా గుండె కలుక్కుమన్నది అక్కడే. చచ్చిపోయి ఉంటే లైనక్స్‌లో సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీతో అయినా లేపించి ఉండొచ్చు.

దీనికి మందు ఉంది. కొత్త కీయాలో సాకెట్ తెరవడం కుదరకపోతే ఎన్నిసార్లు, ఎంతసేపటికొకసారి మళ్లీ ప్రయత్నించాలో చెప్పే రెండు సెట్టింగులున్నాయి. మనం పెట్టకపోతే మళ్లీ ప్రయత్నించదు. నేను పెట్టాను, పనిచేసింది కూడా. అయినా ఇంటి అవసరానికి ఇంత జాగ్రత్త ఎందుకనిపించి డీఎన్‌ఎస్‌మాస్క్‌కు మారాను.

డీఎన్‌ఎస్‌మాస్క్ మామూలుగా ఒక్కో ఇంటర్‌ఫేస్‌ను విడివిడిగా పట్టుకోదు. అన్నింటికీ కలిపి సాకెట్ తెరిచి, అడిగింది ఏ ఇంటర్‌ఫేస్ మీద వచ్చిందో చూసి జవాబిస్తుంది. లింకు రెండు నిమిషాలు ఆలస్యమైనా దానికి ఇబ్బంది లేదు. నాకు ఇంకా నచ్చిన సంగతి, అది ఐపీని పరికరం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) నుంచి లెక్కగట్టి ఎంచుతుంది. లీజుల ఫైలు పాడైనా అదే ఫోన్‌కు చాలావరకు అదే ఐపీ దక్కుతుంది. ఇచ్చేముందు ఒక పింగ్ కొట్టి (ఉన్నారా అని పలకరించి), ఆ ఐపీని ఎవరైనా వాడుతున్నారేమో చూసుకుంటుంది. డీఎన్‌ఎస్ కూడా తనే కాబట్టి ప్రింటర్ పేరు కొడితే ప్రింటర్ దొరుకుతుంది. కీయాతో అయితే దానికి వేరే డీఎన్‌ఎస్ సర్వర్ పెట్టి కలపాలి.

ఒక్కచోట జాగ్రత్త. ఉబుంటు లైనక్స్‌లో డీఎన్‌ఎస్ వాడే 53వ పోర్టు దగ్గర సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే మరో సర్వీసు ముందే కూర్చుని ఉంటుంది, డీఎన్‌ఎస్‌మాస్క్ లేవదు. చాలామంది దాని సెట్టింగుల ఫైల్లో బైండ్-ఇంటర్‌ఫేసెస్ అనే వరుస చేర్చి సరిపెడతారు. అది చేర్చారంటే ఇంటర్‌ఫేస్ కోసం మొదట్లోనే వెతికే పాత కష్టాన్ని మళ్లీ తెచ్చుకున్నట్టే. దాని బదులు బైండ్-డైనమిక్ పెట్టండి. ఇంటర్‌ఫేస్ ఎప్పుడు వచ్చినా అందుకుంటుంది.

ఇక మిగతావి. లైనక్స్‌లోనే వచ్చే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీలో ఉన్న చిన్న డీహెచ్‌సీపీ సర్వర్ వర్చువల్ మిషన్లకు చాలు. ప్రకటనలను అడ్డుకునే పై-హోల్ వాడేవాళ్లకు లోపల ఉన్నది డీఎన్‌ఎస్‌మాస్కే. పాత ఐఎస్‌సీ డీహెచ్‌సీపీని ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టొద్దు.

నేను 192.168.1.50 నుంచి 150 దాకా రేంజ్, 24 గంటల లీజు పెట్టాను. ఫోన్ 12 గంటలకు పొడిగించమని సర్వర్‌నే అడుగుతుంది. జవాబు లేకపోతే 21 గంటలకు నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా అడుగుతుంది. అందుకే రాత్రంతా సర్వర్ పడిపోయినా అప్పటికే కలిసి ఉన్న ఫోన్ల ఐపీలు పోవు, కొత్తగా కలిసేవాళ్లకే ఐపీ దొరకదు. కానీ డీఎన్‌ఎస్ కూడా ఆ సర్వరే అయితే పేర్లు తేలక అందరికీ నెట్ ఇబ్బందే. సర్వర్‌కు మాత్రం ఐపీ చేత్తో ఇవ్వాలి, డబ్బాలోని డీహెచ్‌సీపీ ఆపేయాలి. రెండూ నడిస్తే ముందు ఎవరు పలికితే ఫోన్ వాళ్ల మాట వింటుంది. బయోస్‌లో (మిషన్ లేచేటప్పుడు మొదట నడిచే సెట్టింగుల్లో) కరెంటు రాగానే మిషన్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు కూడా చూడండి. అది లేకపోతే పైన చెప్పినవేవీ పనికిరావు.

ఏది పెట్టినా ఒక ఆదివారం ఇంట్లోవాళ్లకు చెప్పి మెయిన్ ఆపండి. ఐదు నిమిషాలాగి వేయండి. కీబోర్డు ముట్టుకోకుండా, ఒక ఫోన్‌లో ఆ వైఫైని ఫర్గెట్ చేసి మళ్లీ కలిపి చూడండి.