ఓటెకర్ ‘సైన్’: యంత్రాల్లో పలికిన గమకం

మాంచెస్టర్‌కు దగ్గరలోని రాచ్‌డేల్ నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ సంగీతకారులు షాన్ బూత్, రాబ్ బ్రౌన్ ‘ఓటెకర్’ పేరుతో చేసిన ఆల్బమ్ ‘సైన్’ 2020 అక్టోబర్ 16న వార్ప్ సంస్థ ద్వారా విడుదలైంది. ఇందులో 11 ట్రాకులున్నాయి, మొత్తం నిడివి 65 నిమిషాలు. మరొకరి ఆల్బమ్ అయితే నిడివి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసిన పని ఉండేది కాదు. అయితే వీరు 2013లో ఇచ్చిన ‘ఎక్సాయ్’ రెండు గంటల పాటు సాగుతుంది. 2016లో అయిదు భాగాలుగా వచ్చిన ‘ఎల్సెక్’ నాలుగు గంటలు దాటుతుంది. 2018లో లండన్‌లోని ఎన్‌టీఎస్ రేడియో కోసం చేసిన సెషన్లు మొత్తం ఎనిమిది గంటలు కాగా, వాటిలో చిట్టచివరి ట్రాక్ ఒక్కటే దాదాపు గంటసేపు నడుస్తుంది. అంతటి విస్తారమైన రచనల తర్వాత, లేవకుండా ఒక్క కూర్చున్న చోట మొదటి నుంచి చివరి దాకా వినగలిగే ఆల్బమ్ రావడం వీరి అభిమానులకు నిజంగానే పెద్ద విశేషం.

వీరి పేరు ఇప్పుడే వింటున్న పాఠకుల కోసం కొంత నేపథ్యం చెప్పడం అవసరం. హిప్‌హాప్, ఎలక్ట్రో క్యాసెట్లు మార్చుకుంటూ స్నేహితులైన ఈ ఇద్దరూ 1987 నుంచి కలిసి పని చేస్తున్నారు. 1993లో మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆ మరుసటి ఏడాది బ్రిటన్ ప్రభుత్వం రేవ్ పార్టీలను (ఎలక్ట్రానిక్ సంగీతానికి రాత్రంతా నాట్యం చేసే సభలను) అణచడానికి తెచ్చిన క్రిమినల్ జస్టిస్ చట్టంలో, అటువంటి సంగీతాన్ని ‘ఒకదాని తర్వాత ఒకటిగా పునరావృతమయ్యే బీట్లు’ అనే మాటలతో నిర్వచించినప్పుడు, ఓటెకర్ ఏ రెండు బార్లలోనూ (తాళపు ఆవర్తాల్లోనూ) బీట్ ఒకే విధంగా రాని ‘ఫ్లటర్’ అనే ట్రాకును తయారు చేసి విడుదల చేశారు. ఆ రికార్డును వాయించేటప్పుడు ఒక లాయరును, ఒక సంగీత శాస్త్రజ్ఞుణ్ణి దగ్గర ఉంచుకోవడం మంచిదని దాని మీద అంటించిన చీటీలో సలహా కూడా ఇచ్చారు. అది నిరసనగా మొదలైనప్పటికీ, ఒకసారి వచ్చింది మళ్లీ అలాగే రాకూడదన్న ఆ పట్టుదల తర్వాతి కాలంలో వీరి సంగీతానికి వెన్నెముకగా మారింది. 2001 నాటి ‘కాన్‌ఫీల్డ్’ వచ్చేసరికి లయ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో పట్టుకోవడం అలవాటైన శ్రోతలకు కూడా కష్టమైంది. ఆ ఆల్బమ్ నాటికే ‘మ్యాక్స్’ అనే ప్రోగ్రామింగ్ వాతావరణంలో తమ వాద్యాలను తామే నిర్మించుకోవడం మొదలుపెట్టారు. అంటే వీరు నేరుగా పాటను రాయరు. పాటను పుట్టించే నియమాల వ్యవస్థను ముందుగా రాసి, అది నడుస్తుండగా దాన్ని మలుపు తిప్పుతూ, అందులోంచి వచ్చినదాన్ని రికార్డు చేస్తారు.

‘సైన్’ వచ్చినప్పుడు అందరి నోటా వినిపించిన మాట ఏమిటంటే, ఇది వీరి ఇటీవలి పనుల్లోకెల్లా మెత్తనిదని, మాధుర్యం వైపు మొగ్గిందని. ఆ మాటలో నిజముంది. అయితే దాన్ని వెనకడుగుగానో, శ్రోతల కోసం చేసుకున్న రాజీగానో భావించడాన్ని నేను ఒప్పుకోలేను. 1990ల నాటి వీరి ఆల్బమ్‌లలో కూడా మాధుర్యం ఉంది. అక్కడ స్వరాలు కీబోర్డు మీద ఉన్నట్లు స్థిరంగా ఉంటే, లయ మాత్రమే వాటి కింద అల్లరి చేసేది. ఈ ఆల్బమ్‌లో అందుకు విరుద్ధంగా, ఇన్నేళ్లుగా లయకు నేర్పిన అస్థిరతను స్వరానికి నేర్పారు. నా దృష్టిలో ‘సైన్’ సాధించిన అసలు విషయం ఇదే. ఇక్కడ వినిపించే కార్డు (ఒకేసారి కలిసి మోగే స్వరాల కూర్పు) ఏదీ తన చోట తాను స్థిరంగా కూర్చోదు. ఒక స్వరం శ్రుతికి వెంట్రుకవాసి కింద మొదలై పైకి పాకుతుంది. దానితో పాటు మోగుతున్న రెండవ స్వరం అదే సమయంలో కొద్దిగా జారుతుంది. ఆ రెండింటి మధ్య దూరం క్షణక్షణం మారుతూ ఉండడం వల్ల, ఒకే కార్డు తొలి సగంలో ఊరటగాను, మలి సగంలో దిగులుగాను వినిపిస్తుంది.

రెండవ ట్రాక్ ‘ఎఫ్7’లో ఈ పని అన్నింటికన్నా స్పష్టంగా తెలుస్తుంది. ఇందులో డ్రమ్స్ లేవు, కిక్ (లయను నడిపే లోతైన డ్రమ్ దెబ్బ) లేదు. గంట అంచును మీటినట్లు పదునుగా మొదలయ్యే సింథసైజర్ స్వరాలు గుంపులు గుంపులుగా పైస్థాయికి ఎక్కుతుంటాయి. ప్రతి గుంపు ముందరి గుంపు వెళ్లిన దారినే వెళ్తున్నట్లు అనిపించినా, ఎక్కిన ప్రతిసారీ మెట్ల మధ్య ఎడం కొంచెం వేరుగా ఉంటుంది. దాన్ని మనసులో పాడుకోవడానికి ప్రయత్నిస్తే ఇది తెలుస్తుంది. రాగం పట్టుబడిందని అనుకున్న చోటనే ఒక స్వరం మన ఊహకు కాస్త పైనో, కాస్త కిందో పలుకుతుంది. అయినా అది అపస్వరంగా చెవికి తగలదు. చుట్టూ ఉన్న స్వరాలన్నీ దానికి తగినట్లు సర్దుకోవడమే అందుకు కారణమని వినగా వినగా అర్థమవుతుంది.

ఇక్కడ కర్ణాటక సంగీతం విని పెరిగిన తెలుగు శ్రోతకు ఒక అనుకూలత ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఓటెకర్‌కు మన సంగీతంతో సంబంధం ఉందని నేను అనడం లేదు, ఈ ఆల్బమ్‌లో రాగాలను వెతకమనీ చెప్పడం లేదు. నేను మాట్లాడుతున్నది వినే అలవాటు గురించి. తోడి రాగంలో గాంధారాన్ని కదలిక లేకుండా నిలబెట్టి పాడితే అది తోడిలా వినిపించదని, ఆ స్వరానికి ప్రాణం దాని కంపితంలోనే ఉందని మన చెవికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. స్వరమంటే ఒక బిందువు కాదు, అది ఒక చలనం అన్న ఈ ఎరుక ఉన్నవారికి ‘సైన్’లోని జారుళ్లు, ఊపులు మొదటిసారే అర్థవంతంగా తోస్తాయి. పాశ్చాత్య పాప్ సంగీతం మాత్రమే విన్నవారు ఇదంతా పాడైపోయిన టేపులా ఉందని అనుకునే ప్రమాదం ఉంది. మన శ్రోత అలా అనుకోడు.

ఆల్బమ్‌ను తెరిచే ‘ఎం4 లెమా’ దాదాపు తొమ్మిది నిమిషాల ట్రాక్. మొదట వినిపించేవి రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్లు చెల్లాచెదురుగా వచ్చే గరుకు శబ్దాలు. పాత ఓటెకర్ మళ్లీ వచ్చారనుకుని శ్రోత నడుము బిగించుకుంటాడు. అయితే ఆ శబ్దాల వెనక నుంచి, ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేని విధంగా, వెడల్పయిన ప్యాడ్ (నిలిచి మోగే మెత్తని సింథసైజర్ ధ్వని) ఒకటి ఉబికి వస్తుంది. క్రమంగా గరుకుదనం పక్కకు తొలగి, ఆ ప్యాడ్‌కు లయగా మారిపోతుంది. ఈ మార్పు జరిగే చోట కోత గానీ, అతుకు గానీ కనిపించదు. వాల్యూమ్ తగ్గించి వింటే ఈ ట్రాకులో సగం పోతుంది. కింది స్థాయిలో మెదిలే బేస్ వినబడితేనే పైన జరుగుతున్న సందడికి అర్థం ఏర్పడుతుంది.

నన్ను అన్నింటికన్నా కదిలించినది ‘మెటాజ్ ఫామ్8’. ఇందులో జరిగేది చాలా తక్కువ. మంద్రంలో ఒక ధ్వని నిలిచి ఉంటుంది, దానిపై పొరలు పొరలుగా కార్డులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, బీట్ ఎక్కడా ప్రవేశించదు. అయినా అది నేపథ్యంలో పెట్టుకుని మరచిపోగల సంగీతం కాదు. ప్రతి పొరకూ దాని మొదలులో ఒక చిన్న రాపిడి ఉంది. విల్లు తీగను తాకే తొలి క్షణంలో, నాదం పుట్టడానికి ముందు వచ్చే బొంగురు లాంటిది అది. కంప్యూటర్‌లో పుట్టిన ధ్వనికి ఆ రాపిడి అవసరం లేదు, ఎవరో కావాలని దాన్ని అక్కడ పెట్టారు. ఆ ఒక్క సూక్ష్మమైన పని వల్ల ట్రాక్ అంతటా మనిషి చేతి స్పర్శ ఉన్నట్లనిపిస్తుంది. ఇలాంటివి వినిపించినప్పుడే ఈ ఇద్దరి మీద నాకు ఇన్నేళ్లుగా ఉన్న గౌరవం మరింత పెరుగుతుంది.

‘ఎస్క్ డెస్క్’ కూడా ఇదే కోవకు చెందినది గానీ, దాని స్వభావం వేరు. నెమ్మదిగా, బరువుగా దిగే కార్డుల వరసలో ఒక గాంభీర్యం ఉంది. పెద్ద మందిరంలో మోగుతున్నట్లు దానికి చుట్టూ చోటు కల్పించారు. ‘జిఆర్4’లో తీగవాద్యాలను తలపించే స్వరాలు ఒకదాన్ని ఒకటి వెంబడిస్తూ నడుస్తాయి. అది బాగుంది, అయితే ‘ఎస్క్ డెస్క్’ తర్వాత అంత కొత్తగా వినిపించదు.

బీట్ ఉన్న ట్రాకుల విషయంలో నా అభిప్రాయం కొంత మిశ్రమంగా ఉంది. ‘ఏయూ14’ చురుకైనది. దాని కిక్ పరిగెడుతుంటే పైన బుడగల్లా చిట్లే శబ్దాలు లయకు అటూ ఇటూ పడుతూ, తాళం తప్పుతుందేమోనన్న ఉత్కంఠను చివరి వరకూ నిలుపుతాయి. ‘ఎస్‌సిహెచ్.మెఫ్డ్ 2’లో వీరి హిప్‌హాప్ మూలాలు తేటగా వినిపిస్తాయి. తల ఆడించకుండా దాన్ని వినడం కష్టం. ఈ రెండింటి పక్కన ‘ఎస్ఐ00’ కాస్త చప్పగా ఉంది. దాని అణగిన తాళం తన చుట్టూ తాను తిరుగుతుందే తప్ప, ఎటూ కదలాలన్న తొందర దానికి లేదు. చివర్లో వచ్చే ‘పిఎస్ఐఎన్ ఏఎం’ నాలుగు దెబ్బల సాదా కిక్ మీద నడుస్తుంది. ఓటెకర్ ఇంత తిన్నని లయను వాడడం కొందరు పాత అభిమానులకు రుచించకపోవచ్చు. నాకు మాత్రం అది సరైన నిర్ణయమనిపించింది. పైన స్వరాలు నిరంతరం చలిస్తున్నప్పుడు కింద లయ నిలకడగా ఉండకపోతే, వినేవారికి ఆ చలనాన్ని కొలుచుకోవడానికి ఆధారం మిగలదు. మన కచేరీలో గాయకుడు స్వరకల్పనలో ఎంత దూరం వెళ్లినా తాళం వేసే చేయి ఆగకపోవడం వెనక ఉన్న అవసరం కూడా ఇదే.

ఇక లోటు గురించి చెప్పాలి. ‘ఎల్సెక్’లోనూ, రేడియో సెషన్లలోనూ ఉన్న నిర్భయమైన సాగదీత ఇక్కడ లేదు. అక్కడ ఒక ఆలోచన ఇరవై నిమిషాల పాటు పెరిగి, ఊహించని ఆకారం దాల్చేది. ఇక్కడ కొన్ని ట్రాకులు ఇంకా ఎటో వెళ్లగల స్థితిలో ఉండగానే చల్లబడిపోతాయి. ముఖ్యంగా ‘టిహెచ్ రెడ్ ఏ’ తన దారిని కనుక్కున్న సమయానికి ముగింపుకు చేరుతుంది. నిడివి తగ్గించడం వల్ల ఆల్బమ్‌కు ఒక రూపం వచ్చిన మాట నిజమే గానీ, దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది.

ఆ మూల్యంలో కొంత భాగాన్ని ‘ప్లస్’ తీరుస్తుంది. ‘సైన్’ వెలువడిన పన్నెండు రోజులకే, అక్టోబర్ 28న, ముందస్తు ప్రచారమేదీ లేకుండా ఓటెకర్ ఈ రెండవ ఆల్బమ్‌ను డిజిటల్‌గా విడుదల చేశారు. తొమ్మిది ట్రాకుల ‘ప్లస్’ మరింత కరుకుగా, మరింత చంచలంగా ఉంటుంది. ఇందులోని ‘ఎకోల్4’ లాంటి దీర్ఘమైన ట్రాకులు, ‘సైన్’లో నాకు కొరతగా తోచిన విస్తారాన్ని ఇస్తాయి. అయినా రెండింటినీ కలిపి ఒకే ఆల్బమ్‌గా తీసుకురానందుకు నేను సంతోషిస్తున్నాను. ‘ప్లస్’ ట్రాకుల నడుమ ‘మెటాజ్ ఫామ్8’ను ఊహించుకుంటే, ఆ నిశ్చలత నిలిచేది కాదని అనిపిస్తుంది.

కొనదలచినవారికి ఆచరణలో పనికొచ్చే మాటలు కొన్ని. ‘సైన్’ సీడీగాను, రెండు వినైల్ రికార్డులుగాను, డిజిటల్ ఫైళ్లుగాను దొరుకుతుంది. స్ట్రీమింగ్‌లో కూడా ఉంది. నా సిఫారసు కుదింపు లేని డిజిటల్ ఫైళ్లు. పైన చెప్పిన రాపిళ్లు, స్వరాల మధ్య సన్నని తేడాలు తక్కువ నాణ్యత గల ఫైళ్లలో మసకబారుతాయి. ఫోన్ స్పీకర్లో వినడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే మంద్రస్థాయి అంతా అందులో మాయమవుతుంది. వీరు కచేరీలను చీకట్లో చేస్తారు. వేదిక మీద దీపాలు ఆర్పేసి, చూడడానికి ఏమీ మిగల్చకుండా, వినడాన్ని మాత్రమే శ్రోతకు వదిలేస్తారు. ఇంట్లో కూడా గది లైట్లు ఆర్పి, మంచి వైర్డ్ హెడ్‌ఫోన్లతో వింటే ఈ ఆల్బమ్ సగం శ్రమ లేకుండానే విడివడుతుంది.

ఓటెకర్‌ను ఇదివరకు విననివారు మొదటి ట్రాక్ నుంచి కాకుండా ‘ఎఫ్7’తో మొదలుపెట్టి, ‘ఎస్క్ డెస్క్’, ‘మెటాజ్ ఫామ్8’ విన్న తర్వాత మొదటికి వెళ్లడం మేలు. ఇప్పటికే అభిమానులైనవారికి వరస మార్చవద్దని చెబుతాను. ‘పిఎస్ఐఎన్ ఏఎం’లోని నిలకడైన కిక్ ఆగిపోయాక, బీట్ ఏదీ లేకుండా వచ్చే ఆఖరి ట్రాక్ ‘ఆర్ కాజ్ట్’ ఎంత విశాలంగా వినిపిస్తుందో, దాన్ని విడిగా విన్నప్పుడు తెలియదు.