చాలాకాలం వాడాక ఛాలెంజర్ హెల్‌క్యాట్: కొత్త ఛార్జర్‌కి ఇదే ఇంజన్ వస్తే ఏం అడగాలి

కొత్త డాడ్జ్ ఛార్జర్‌లో సూపర్‌ఛార్జ్‌డ్ వీ8 మళ్లీ పెడుతున్నారన్న పుకారు లేచిన ప్రతిసారీ వాదన అంతా హార్స్‌పవర్ చుట్టూనే తిరుగుతుంది. 700 చాలదా, 800 కావాలా, వెయ్యి దాటిస్తారా అని. అలాంటి ఇంజనే ఉన్న 717 హార్స్‌పవర్ డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్‌ని, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ది, టెక్సస్ ఎండల్లో చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి గట్టిగానే చెప్తాను: ఈ ఇంజన్‌కి పవర్ ఎప్పుడూ తక్కువ కాలేదు. తక్కువ పడేది చల్లదనం. దాని తర్వాత టైర్లు.

ఇంజన్ 6.2 లీటర్ల హెమీ. ఇనుప బ్లాక్, ఫోర్జ్‌డ్ క్రాంక్, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కంప్రెషన్ 9.5. పైన కూర్చున్నది ఐహెచ్ఐ కంపెనీ తయారుచేసిన ట్విన్ స్క్రూ సూపర్‌ఛార్జర్ (బ్లోవర్ అన్నా ఇదే), ఒక్క చుట్టుకి 2.38 లీటర్ల గాలిని తోస్తుంది. బెల్టు నిష్పత్తి 2.36, అంటే ఇంజన్ 6,200 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు బ్లోవర్ 14,600 మీద తిరుగుతూ నిమిషానికి దాదాపు 34,700 లీటర్లు లోపలికి పంపుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకి ఒకసారే గాలి పీలుస్తుంది కాబట్టి, అదే వేగంలో అది సొంతంగా పీల్చుకోగలిగేది 19,200 లీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.8 వస్తుంది. ఇప్పుడు కంపెనీ చెప్పే 11.6 పీఎస్ఐ బూస్ట్‌ని, అంటే బ్లోవర్ అదనంగా పుట్టించే గాలి ఒత్తిడిని చూడండి: వాతావరణ పీడనంతో కలిపితే 1.79 రెట్లు. లీకేజీ, వేడి వల్ల కాస్త అటూఇటూ అవుతుంది గానీ బూస్ట్ పుట్టేది ఈ భాగహారంలోనే. హెల్‌క్యాట్‌లోనే ఇంకా శక్తిమంతమైన మోడల్ రెడ్‌ఐకి 2.7 లీటర్ల బ్లోవర్, 6,500 రెడ్‌లైన్ ఇచ్చి 14.5 పీఎస్ఐ, 797 హార్స్‌పవర్ రాబట్టింది కూడా ఈ లెక్కతోనే.

బెల్టుతో తిరిగే బ్లోవర్‌కి టర్బోలాగా ఎగ్జాస్ట్ కోసం ఎదురుచూపు ఉండదు. పెడల్ ఎంత నొక్కితే అంత, నొక్కిన క్షణానే. ఊళ్లో 30 మైళ్ల వేగంలో తేడా బాగా తెలుస్తుంది, హైవే మీద ముందు వాహనాన్ని దాటేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఖర్చు లేకపోలేదు. ఫుల్ థ్రాటిల్‌లో బ్లోవర్‌ని తిప్పడానికే దాదాపు 80 హార్స్‌పవర్ పోతుంది. నెమ్మదిగా నడిపేటప్పుడు మాత్రం బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఉంటుంది, గాలి తిరిగి ఇన్‌లెట్‌కే వెళ్తుంది, కాబట్టి భారం స్వల్పం. అందుకే ఎనిమిదో గేర్‌లో నిలకడగా పోతే గ్యాలన్‌కి 22 మైళ్లు రావడం కష్టం కాదు. ఊళ్లో 13కి పైన ఆశపడొద్దు. ప్రీమియం పెట్రోల్ తప్పనిసరి, ఆక్టేన్ 91 కనిష్ఠం. మా దగ్గర 93 దొరుకుతుంది, అదే పోయించండి. తక్కువ ఆక్టేన్ పోస్తే నాకింగ్ (పెట్రోల్ వేళ తప్పి మండే టకటక) వినబడకముందే కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, కారు మందకొడిగా అయ్యాక గానీ విషయం తెలియదు.

ఇక వేడి. 35 డిగ్రీల గాలిని 1.79 రెట్లు నొక్కితే బ్లోవర్ బయట అది వంద డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దాన్ని దించడానికి బ్లోవర్ కేసింగ్‌లోనే రెండు నీటి కూలర్లు (ఛార్జ్ కూలర్లు) ఉన్నాయి. వాటికి ఇంజన్ రేడియేటర్‌తో సంబంధం లేని వేరే సర్క్యూట్: సొంత పంపు, సొంత ట్యాంకు, ముందువైపు సొంత రేడియేటర్. గాలి 140 ఫారెన్‌హీట్, అంటే 60 సెల్సియస్ దాటకూడదని కంపెనీ హద్దు పెట్టుకుంది. ఒక గట్టి పరుగుకి ఆ హద్దు నిలబడుతుంది. వరుసగా మూడు నాలుగు తీశాక, లేదా ఆగస్టు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలబడ్డాక తీస్తే నిలబడదు. ఇంజన్ వేడి పైకెక్కి బ్లోవర్‌ని, కూలర్లని, సర్క్యూట్‌లోని నీటిని కాచేస్తుంది. ఇంజన్ టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంటుంది, పవర్ మాత్రం జారిపోతుంది. అందుకే పరుగు తీసే ముందు కారు స్క్రీన్‌లోని పర్ఫార్మెన్స్ పేజీల్లో రెండు అంకెలు చూడండి: ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఛార్జ్ కూలర్ నీటి ఉష్ణోగ్రత. నీరు బయటి గాలి కంటే బాగా పైన ఉంటే పది నిమిషాలు నిలకడగా నడపండి. ఆగి ఉన్న కారు కంటే 50 మైళ్ల వేగంలో పోయే కారు త్వరగా చల్లబడుతుంది. ఆఫ్టర్ రన్ చిల్లర్ సెట్టింగ్ ఆన్‌లోనే ఉంచండి. కీ ఆపేశాక కూడా ఫ్యాను, పంపు కాసేపు తిరుగుతాయి, బ్యాటరీకి ఏమీ కాదు.

మామూలు రోజుల్లో కూడా ఈ అంకెలు ఎక్కువగా కనిపిస్తున్నాయంటే కారణాలు చాలావరకు మూడే. మొదటిది, ఆ సర్క్యూట్‌లో గాలి బుడగ. మామూలుగా మూత తీసి నీళ్లు పోస్తే గాలి మిగిలిపోతుంది. వాక్యూమ్ ఫిల్లర్‌తోనే నింపించాలి. కూలెంట్ ఓఏటీ రకం మాత్రమే వాడాలి, పాత హెచ్ఓఏటీతో కలిపితే జిగురు కట్టి సన్నని దారులు మూసుకుపోతాయి. రెండోది, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, దుమ్ము. వెనకవైపు నుంచి తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి, ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి. మూడోది చాలామందికి తట్టదు: క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) నుంచి వచ్చే నూనె ఆవిరి. అది ఇన్‌టేక్ ద్వారా వెళ్లి కూలర్ల రెక్కల మీద పొరగా పేరుకుంటుంది, వేడి నీటిలోకి దిగదు. పైగా గాలిలో నూనె కలిస్తే పెట్రోల్ ఆక్టేన్ తగ్గినట్టే. ఆ ఆవిరిని దారిలోనే పట్టేసే డబ్బా, ఒక మంచి క్యాచ్ క్యాన్ పెట్టించి ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఖాళీ చేయండి. ఈ కారుకి నేను సిఫారసు చేసే మొదటి విడిభాగం అదే.

ఆయిల్ 0డబ్ల్యూ-40 సింథటిక్, ఫిల్టర్‌తో కలిపి 7 క్వార్టులు, సుమారు 6.6 లీటర్లు. గట్టిగా నడిపేవాళ్లు 4,000 మైళ్లకే మార్చుకోవడం మేలు. సిలిండర్‌కి రెండు చొప్పున స్పార్క్ ప్లగ్‌లు 16, ధర అడిగేటప్పుడు ఇది మరిచిపోవద్దు. బ్లోవర్‌లో దాని నూనె దానికే ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌తో సంబంధం లేదు. చల్లగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ముందువైపు నుంచి డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టు వినిపించి, ఆర్‌పీఎం పెంచగానే పోతే అనుమానించాల్సింది బ్లోవర్ డ్రైవ్ భాగంలో కుదుపుల్ని మింగే ఐసోలేటర్, డీకప్లర్ల అరుగుదల. ఆర్‌పీఎంతో పాటు గరగర పెరుగుతుంటే బేరింగ్. ఇంజన్ ఆపి, బెల్టు తీసి, పుల్లీని చేత్తో తిప్పితే తేడా వేలికి తెలుస్తుంది.

టైర్ల గురించి ఎక్కువ చెప్పను. 275 వెడల్పు వెనక టైర్లకి 656 పౌండ్-అడుగుల టార్క్ చాలా ఎక్కువ. వెడల్పు బాడీ ఉన్న వైడ్‌బాడీ మోడల్, దాని 305 టైర్లతో దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. సమ్మర్ టైర్లతో 40 ఫారెన్‌హీట్ కిందకి బయటికి తీయొద్దు, రబ్బరు గట్టిపడి మామూలు మలుపులోనే జారుతుంది. వాన పడితే కారుతో వచ్చే ఎర్ర కీ బదులు నల్ల కీ వాడండి, 500 హార్స్‌పవర్‌కి పరిమితం చేస్తుంది, అది కూడా ఎక్కువే.

పుల్లీ మార్చాలనుకునేవాళ్లకి ఒక మాట. చిన్న పుల్లీతో బూస్ట్ రెండు మూడు పీఎస్ఐ పెరుగుతుంది, దానికంటే వేగంగా వేడి పెరుగుతుంది. కంప్యూటర్ అన్‌లాక్, ట్యూన్, ఒక మెట్టు చల్లని ప్లగ్‌లు లేకుండా చేయొద్దు. వేడికి ముందు పరిష్కారం చూడకుండా పుల్లీ మార్చినవాళ్లకి డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద మొదటి పరుగులో మాత్రమే లాభం కనిపిస్తుంది.

దొంగతనం పెద్ద సమస్య. 2020-22 ఛార్జర్ హెల్‌క్యాట్‌ల మీద దొంగతనం క్లెయిములు సగటు కారు కంటే 60 రెట్లకు పైగా ఉన్నాయని అమెరికాలోని హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ లెక్క తేల్చింది. 2021లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టించి నాలుగంకెల కోడ్ పెట్టుకోండి. కోడ్ లేకపోతే ఇంజన్ 675 ఆర్‌పీఎం దాటదు. కొనే ముందు ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి, కొన్ని జిప్ కోడ్‌లలో కారు వాయిదాతో పోటీ పడుతుంది.

మళ్లీ పుకారు దగ్గరికి. ఛాలెంజర్ ఉత్పత్తి 2023 డిసెంబరులో కెనడాలోని బ్రాంప్టన్‌లో ఆగింది గానీ ఇంజన్ ఆగలేదు, డాడ్జ్ ఎస్‌యూవీ డురాంగోలో 710 హార్స్‌పవర్‌తో, ఆల్ వీల్ డ్రైవ్‌తో కొనసాగింది. అంతకుముందు 2018లో జీప్ ట్రాక్‌హాక్‌లో 707తో నాలుగు చక్రాలకీ ఇచ్చారు. కాబట్టి ఆల్ వీల్ డ్రైవ్ ఛార్జర్‌లో ఇది పనిచేయదన్న వాదనకి బలం లేదు. కొత్త కారులోని 3.0 లీటర్ల ట్విన్ టర్బో హరికేన్ 550 హార్స్‌పవర్ ఇస్తుంది, మంచి ఇంజన్, బరువూ తక్కువే. అయినా ఊళ్లో పెడల్ కిందకి అందే స్పందనలో నా ఓటు బ్లోవర్‌కే. పుకారు నిజమైతే 850 హార్స్‌పవర్ అడగను. ఏసీ రిఫ్రిజిరెంట్‌తో ఛార్జ్ నీటిని చల్లబరిచే పవర్ చిల్లర్‌ని ఛాలెంజర్‌లోనే పై మోడళ్లయిన డీమన్, రెడ్‌ఐలకి ఇచ్చారు. దాన్ని మొదటి మెట్టు మోడల్ నుంచే ఇవ్వాలి. ఛార్జ్ సర్క్యూట్‌కి ఇప్పటికంటే పెద్ద ట్యాంకు, 305 టైర్లు, ఫ్యాక్టరీ నుంచే క్యాచ్ క్యాన్. ఇవి ఇచ్చి 700 దగ్గరే ఆపినా కొనేవాళ్లలో నేనుంటాను.