విశాఖపట్నంలో కొమ్మాది వైపు ఇల్లు కడుతున్నవాళ్లకి: ప్లాన్ అనుమతి, తనిఖీ సేవ ఎలా ఉందంటే

ఐదుకి మూడు ఇస్తున్నాను. ఆ మూడూ మా వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీగా ఉన్న అమ్మాయికీ, ఆమెతో పాటు వచ్చిన చైన్‌మన్‌గారికీ (స్థలాల కొలతలకి సాయం చేసే ఉద్యోగి) చెందాలి. తగ్గించిన రెండూ కార్పొరేషన్ జోనల్ ఆఫీసు వల్ల.

మాది కొమ్మాది దగ్గర 150 గజాల స్థలం. కింద ఒకటి, పైన ఒకటి, రెండు పోర్షన్లు. లైసెన్సు ఉన్న ఇంజినీరు ద్వారా ఆన్‌లైన్‌లో ప్లాన్ పెట్టాం. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (స్థలం పాత దస్తావేజులు), ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), ఖాళీ స్థలం పన్ను రసీదు, సైటు ఫొటోలు జతచేశాం. డ్రాయింగ్‌లో సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు సరిపోయాయో లేదో సాఫ్ట్‌వేరే చూసి చెప్పేస్తుంది. ఆ ఏర్పాటు నిజంగా బాగుంది. కాకపోతే సాఫ్ట్‌వేర్ చూసేది కాగితాన్నే. నేల మీద ఏముందో టేపు పట్టుకుని ఒక మనిషి వచ్చి చూడాలి. ఆ మనిషికి పని ఎంత బాగా నేర్పారన్న దాని మీదే మన ఇల్లు ఆధారపడి ఉంటుంది.

మా స్థలం వెనక హద్దు అవతల ఒక పల్లం ఉంది. ఎండాకాలం చూస్తే బండ్ల బాట అనుకుంటారు. గట్టి వాన పడితే కొండ మీది నీళ్లన్నీ అందులోంచే కిందికి పోతాయి. దస్తావేజులో దాని ఊసే లేదు. సెక్రటరీ వేరే జిల్లా నుంచి వచ్చిన పిల్ల, ఆమెకీ అది బాటలాగే కనిపించింది. అప్పుడు చైన్‌మన్‌గారు, ‘మేడమ్, అది బాట కాదండి, గెడ్డ. వానాకాలంలో ఇటు నడవలేం’ అన్నారు. ఆమె చిన్నబుచ్చుకోలేదు. సర్వే వాళ్ల దగ్గరున్న ఎఫ్‌ఎంబీ పటం (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) తెప్పించి, గెడ్డ హద్దు ఎక్కడుందో చూసి, అక్కడినుంచి కొలిపించింది. మా వెనక గది కొంత తగ్గింది. మా ఆయన బాధపడ్డారు గానీ నాకు మాత్రం ధైర్యం వచ్చింది. నీళ్ల దారిలో గోడ కట్టి, పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టి, ప్రతి తుపానుకీ టెన్షన్ పడడం నా వల్ల కాదు.

పునాది గీతలకి ముగ్గు పోసిన రోజు కూడా ఆమె వచ్చింది. ప్లాన్‌లో పక్కల ఒక మీటరు వదలాలని ఉంది. మేస్త్రి మూడడుగులు వదిలి ముగ్గు పోశాడు, ఇక్కడ అందరూ అంతేనన్నాడు. ‘మూడడుగులంటే 91 సెంటీమీటర్లే కదా మేస్త్రిగారూ, ప్లాస్టరింగ్ అయ్యాక ఇంకా తగ్గిపోతుంది’ అని ఆమె టేపు వేసి చూపించింది. చెరిపి మళ్లీ పోయడానికి కాస్త ముగ్గు, ఒక పూట పని పట్టాయి. అదే శ్లాబు పడ్డాక బయటపడితే గోడ పగలగొట్టాలి, లేదా ఓసీ (ఇల్లు పూర్తయ్యాక ఇచ్చే నివాస ధ్రువపత్రం) దగ్గర ఆగిపోవాలి. ఈ ముగ్గు దశ తనిఖీ ప్రతి ఇంటికీ తప్పకుండా జరగాలి. మా వీధిలో కడుతున్న మిగతా వాళ్ల దగ్గరికి ఎవరూ రాలేదు.

ఎందుకు రాలేదో కూడా చెప్పాలి. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు సుమారు 4,000 మంది జనాభాకి ఒకటి చొప్పున, ఒక్కోదానిలో పదిమంది సెక్రటరీలని అనుకున్నారు. లెక్కకి మనుషులు ఉన్నట్టే. కానీ ఈ అమ్మాయిని ఒక రోజు ఇంటింటి సర్వేకి, ఇంకో రోజు పింఛన్ల పంపిణీకి, మరో రోజు ఓటర్ల జాబితా పనికి పంపుతారు. ‘ఆంటీ, ఇవాళ సర్వే డ్యూటీ, సైటుకి రాలేను’ అని ఫోన్‌లో చెప్పేటప్పుడు ఆమె గొంతులో నొచ్చుకోవడం నాకు తెలిసింది. ఆమె సివిల్ డిప్లొమా చదివింది. ఉద్యోగంలో చేరాక రూల్సు, కంప్యూటర్ లాగిన్ నేర్పారట. గెడ్డ ఏదో, పోరంబోకు ఏదో, ఏటవాలు స్థలంలో నేల మట్టం ఎక్కడినుంచి లెక్కపెట్టాలో మాత్రం చైన్‌మన్‌గారి వెంట తిరిగే నేర్చుకున్నానని చెప్పింది. ఆయన త్వరలో రిటైరవుతున్నారు. ఆ తర్వాత వచ్చే పిల్లలకి ఎవరు చెప్తారు? కొత్తగా చేరినవాళ్లని కనీసం ఒక వానాకాలం పాటు అనుభవం ఉన్నవాళ్ల వెంట సైట్లు తిప్పితే ఎంత బాగుంటుందో.

ఇక జోనల్ ఆఫీసు. అక్కడ షార్ట్‌ఫాల్, అంటే ఫైల్లో ఉన్న లోపాలు, అన్నీ ఒకేసారి చెప్పరు. ఒకటి సరిచేసి పంపాక ఇంకోటి వస్తుంది. మొదట లింకు డాక్యుమెంటు స్కాన్ సరిగ్గా కనపడలేదన్నారు, సరే. తర్వాత మెట్ల గదితో కలిపి ఎత్తు లెక్కేసి ఎక్కువైందన్నారు. 2017 నాటి భవన నిబంధనల్లో మెట్ల గది, నీళ్ల ట్యాంకు ఎత్తులో కలవవు. మా ఇంజినీరు ఆ పేజీ తీసి చూపిస్తే ఒప్పుకున్నారు. ఈలోగా ఫైలు చూసే ఆఫీసరు బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినాయన మళ్లీ మొదటినుంచి అడిగారు. ఒకే నిబంధనకి మనిషిని బట్టి అర్థం మారకూడదు. అందరికీ ఒకే చెక్‌లిస్టు ఇచ్చి, షార్ట్‌ఫాల్ మొత్తం ఒక్క కాగితం మీద ఇవ్వాలని అక్కడే రాసిచ్చి వచ్చాను. మాతో ఎవరూ దురుసుగా మాట్లాడలేదు, డబ్బులూ అడగలేదు. అదీ చెప్పాలి.

మీరు కడుతుంటే ఎఫ్‌ఎంబీ కాపీ ముందే తెచ్చిపెట్టుకోండి. ముగ్గు పోసే తేదీ ఖాయం కాగానే ప్లానింగ్ సెక్రటరీకి ఫోన్ చేసి, వీలైతే చైన్‌మన్‌తో కలిసి రమ్మని అడగండి. మేస్త్రి చేతిలో అడుగుల టేపు ఉంటే మీటర్ల టేపు మీరే కొనివ్వండి. మాకు ఇంకా ఓసీ రావాల్సి ఉంది, వచ్చాక ఆ సంగతి కూడా రాస్తాను.