సినిమాలకు రేటింగ్ ఇస్తే డబ్బులిస్తామనేవాళ్లను నమ్మకండి: వైజాగ్ వాళ్లకు హెచ్చరిక

వైజాగ్‌లో పార్ట్‌టైమ్ పని వెతుక్కుంటున్నవాళ్లు, ముఖ్యంగా కాలేజీ పిల్లలు, ఇంటి దగ్గరుండే ఆడవాళ్లు దయచేసి ఇది చదవండి. "సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు స్టార్లు ఇవ్వండి, రోజూ సంపాదించండి" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే జవాబు కూడా ఇవ్వకండి. మధురవాడలో ఉండే మా మరదలు చీటీ పాడి తెచ్చుకున్న డబ్బంతా ఇందులో పోగొట్టుకుంది.

మొదట అడిగింది చిన్న పనే. కొత్త సినిమా పోస్టర్ కింద ఐదు స్టార్లు నొక్కి స్క్రీన్‌షాట్ పంపమన్నారు. పంపగానే 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. అసలు ఎర అదే. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేర్చుకున్నారు. అక్కడ గంటకొకరు "నాకు డబ్బులొచ్చాయి మేడమ్" అంటూ స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. ఆ తర్వాత ప్రీమియం ప్యాకేజీ కొంటే కమీషన్ పెరుగుతుందన్నారు. వాళ్ల సైటు పేరున్న టికెట్ల యాప్‌లాగే ఉంటుంది, రంగులతో సహా.

ప్యాకేజీ కొన్నాక బ్యాలెన్స్ రోజూ పెరుగుతూ కనిపించింది. ఓ రోజు ఒక సినిమాకు రేటింగ్ నొక్కగానే ఆ అంకె ఎర్రగా మారి మైనస్‌లోకి పోయింది. "మీకు కాంబో టాస్క్ తగిలింది, తేడా కట్టేస్తే రెట్టింపు వస్తుంది" అన్నారు. కడితే ఇంకా పెద్ద మైనస్. ఇక చాలు, నా డబ్బు నాకిచ్చేయండి అంటే ముందు ట్యాక్స్ కట్టమన్నారు, ఆలస్యమైతే క్రెడిట్ స్కోర్ పడిపోతుందని టెన్షన్ పెట్టారు. తెర మీది బ్యాలెన్స్ వాళ్లు టైప్ చేసిన అంకె మాత్రమే. ఒక్కటి గమనించండి, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ ప్రతిసారీ వేరే మనిషి పేరు మీద ఉంది. కంపెనీ పేరు ఒక్కసారీ రాలేదు.

నిజమైన రేటింగ్‌కు ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు. సినిమాల రేటింగ్ సైటు ఐఎండీబీలో ఖాతా ఉన్న ఎవరైనా ఊరికే 1 నుంచి 10 వరకు ఇవ్వొచ్చు. అక్కడ కనిపించేది మామూలు సగటు కూడా కాదు, ఓట్లకు వెయిటేజీ వేసి తీసిన అంకె. అలాంటి చోట మనం ఒక్కరం ఇచ్చే స్టార్‌కు వేలు పోసేదెవరు? డబ్బులిచ్చి రాయించిన రివ్యూలు పెట్టకూడదని 2022 నవంబరులో వచ్చిన భారతీయ ప్రమాణం ఐఎస్ 19000 కూడా చెబుతోంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. మా మరదలు ఇంట్లో చెప్పడానికి భయపడింది, ఆ ఆలస్యమే ఎక్కువ దెబ్బ తీసింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే బ్యాంకు ఆపగలదు, అందుకే ప్రతి నిమిషమూ ముఖ్యమే. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. చాట్‌లు, యూటీఆర్ నంబర్లు (డబ్బు పంపినప్పుడు వచ్చే లావాదేవీ నంబర్లు), సైటు లింకు ఏదీ డిలీట్ చేయొద్దు. వాళ్లు గ్రూపు చెరిపేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

"మీ ఖాతా కొన్నాళ్లు మాకు వాడుకోనివ్వండి, కమీషన్ ఇస్తాం" అని విద్యార్థులను అడుగుతున్నారు. అస్సలు ఒప్పుకోకండి. మోసపోయినవాళ్ల డబ్బు మీ ఖాతాలోంచి వెళితే ఖాతా ఫ్రీజ్ అవుతుంది, పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. ఇక పోయిన డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ముందు ఫీజు పంపండి అని ఫోన్ చేసేవాళ్లదీ మోసమే. వాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపకండి.