వార్షిక సదస్సా, చిన్న కమిటీలా?

మహిళా న్యాయవాదుల సంఘంలో పేర్లు పెరిగినా పనిచేసేవారు పెరగనప్పుడు, ఉన్న కొద్ది నిధిని దేనిపై వెచ్చించాలన్న ప్రశ్న తప్పదు.

ఖర్చు: సదస్సుకు హాలు, భోజనాలు, ప్రయాణాలు కావాలి, కమిటీకి ఒక గది చాలు.

శ్రమ: సదస్సు భారం కొన్ని వారాలే, కమిటీని ఏడాది పొడవునా నడిపించాలి.

నాయకత్వం: అసలు తేడా ఇక్కడే ఉంది. సదస్సులో వేదికెక్కేది సాధారణంగా పేరున్న సీనియర్లే. కమిటీలోనైతే కొత్తగా ప్రాక్టీసు పెట్టిన జూనియర్ సైతం సమావేశాల మినిట్స్ (చర్చల నమోదు) రాస్తూ, కోర్టు ఆవరణలో పసిపిల్లల గది కోసం వినతిపత్రం తయారుచేస్తూ, దాన్ని అధికారుల ముందు వాదిస్తూ బాధ్యతలో రాటుదేలుతుంది.

రిస్కు: కమిటీ పనంతా ఒకరిద్దరిపైనే పడవచ్చు. అందుకే కన్వీనర్ పదవీకాలానికి పరిమితి తప్పనిసరి.

1944లో మెక్సికోలో ఏర్పడిన అంతర్జాతీయ మహిళా న్యాయవాదుల సమాఖ్యలా పలు దేశాలకు విస్తరించిన సంఘానికి సదస్సు అవసరం. సభ్యులంతా ఒకే కోర్టులో ఉంటే కమిటీలే మేలు.