ఫాటా నుంచి కేదార్‌నాథ్ హెలికాప్టర్: సర్వీస్ ఓకే, ఎత్తు దగ్గరే పేచీ

అమ్మకి మోకాళ్ల నొప్పులు, గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లు ఎక్కడం కలలో మాట, డోలీ అంటే ఆవిడకే భయం. అందుకని హెలికాప్టర్ ఎక్కాం. టికెట్ ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైట్‌లోనే కొనండి, వాట్సాప్‌లో ఇప్పిస్తామనే వాళ్ల జోలికి పోవద్దు. మేం వెళ్లినప్పుడు రానుపోను మనిషికి ఆరు వేల పైచిలుకు తీసుకున్నారు. ముందు మనల్ని తూకం వేస్తారు, 80 కిలోలు దాటితే అదనంగా కట్టాలి. గ్రౌండ్ స్టాఫ్ అమ్మ తల వంచి, చేయి పట్టుకుని మరీ ఎక్కించారు, అక్కడ వంక పెట్టడానికేం లేదు. ప్రయాణం పట్టుమని పది నిమిషాలు కూడా లేదు.

ఇక నా కంప్లైంట్. మందాకిని లోయలో మరీ కిందుగా పోనిచ్చారు. నడకదారిలో జనం వేసుకున్న రెయిన్‌కోట్ల రంగులు తెలుస్తున్నాయి, ఓ కంచరగాడిద బెదిరి పక్కకి గుంజుకుంటే దాని మనిషి తాడు పట్టి లాగడం కూడా కనిపించింది. పక్క సీటాయన మాత్రం వీడియో తీసుకుంటూ ఒకటే మురిసిపోవడం! ఇది కేదార్‌నాథ్ అభయారణ్యం బాబూ, 975 చదరపు కిలోమీటర్లు, 1972లో ప్రకటించిందే ముఖ్యంగా కస్తూరి జింకల కోసం. నేల నుంచి కనీసం 600 మీటర్ల ఎత్తులో ఎగరాలని చెప్పారు, నడకదారిలో వచ్చే భీంబలి దగ్గర అటవీ శాఖ వాళ్లు హెలికాప్టర్ల ఎత్తు, శబ్దం నమోదు చేస్తారు కూడా.

నన్నడిగితే హెలికాప్టర్‌ని కొలిస్తే సగం పనే అయినట్టు, జింక ఎక్కడుందో కూడా తెలియాలి కదా. అవి ఈనేది మే, జూన్‌లలో, సరిగ్గా మన రద్దీ అప్పుడే. మేతకి బయటికొచ్చేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. కెనడాలో లాబ్రడార్ మీద యుద్ధ విమానాలు కిందుగా ఎగిరే రోజుల్లో, కారిబూలనే దుప్పి జాతి జంతువులకి శాటిలైట్ కాలర్లు కట్టి, మందలున్న వైపు విమానాలు వెళ్లకుండా చూసేవారు. ఇక్కడ లోయ ఇరుకు, దారి మార్చే వీలు తక్కువే. కానీ ఏ వాలులో పిల్లతల్లులున్నాయో తెలిస్తే ఆ వారాల్లో తొలి ట్రిప్పులు కాస్త ఆలస్యంగా మొదలుపెట్టొచ్చు. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది కాబట్టి ఆపరేటర్లు గొణుగుతారు, ట్రిప్పులూ తగ్గుతాయి. టికెట్ మీద ఇంకో ఐదు వందలు వేయండి, ఇస్తాను.

5కి 3 ఇస్తున్నా. అమ్మతో వెళ్లాలంటే మళ్లీ ఇదే ఎక్కుతాం, అబద్ధం ఎందుకు. బ్యాగు రెండు కిలోల లోపే ఉండాలి, అందులో స్వెటరు, మందులు మాత్రం మర్చిపోకండి. వాతావరణం తేడా కొడితే తిరుగు ట్రిప్పు ఆపేస్తారు, రాత్రి పైనే ఉండాల్సి రావచ్చు.