బైకు రంగుకు ముందు వాటర్ పేపర్: కొనేటప్పుడు వెనుక అచ్చు చూడండి

పెట్రోలు ట్యాంకు, సైడ్ ప్యానెళ్లు, మడ్‌గార్డులను కొత్త రంగుకు సిద్ధం చేసేటప్పుడు నేను ఎక్కువగా వాడేది సిలికాన్ కార్బైడ్ రేణువులు అంటించిన నల్లని వాటర్ పేపర్. పాత పెయింటును, ప్రైమర్‌ను (రంగుకు ముందు వేసే అడుగు పూతను) చదును చేసి నునుపు తేవడంలో దీనికి సాటి వచ్చే సరుకును నేను చూడలేదు. అయితే పుట్టీ మీద, రంగు పోయి బయటపడిన ఇనుము మీద దీన్ని తడిపి వాడడం మంచిది కాదు. ఈ తేడా తెలిసినవారికి మాత్రమే ఈ పేపర్ పూర్తిగా ఉపయోగపడుతుంది.

అమెరికాకు చెందిన 3ఎం సంస్థ 1921లో ఫ్రాన్సిస్ ఓకీ రూపొందించిన తడి-పొడి పేపర్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. నీటితో రుద్దితే పెయింటు పొడి గాలిలోకి లేవకుండా బురదలా జారిపోతుంది, రేణువుల మధ్య పేరుకోదు కాబట్టి పేపర్ కూడా చాలాసేపు కోస్తుంది. అదే పేపర్‌తో పొడిగా రుద్దితే పాత పెయింటు కొద్దిసేపటికే మెత్తబడి ముద్దలు కట్టి అతుక్కుంటుంది, ఆ ముద్దలే కొత్త గీతలు పెడతాయి.

కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసింది పేపర్ వెనుక అచ్చు వేసిన సంఖ్యకు ముందు "పి" అక్షరం ఉందా లేదా అన్నది. ఆ సంఖ్య రేణువు పరిమాణాన్ని చెబుతుంది, సంఖ్య పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. పి అని ఉంటే అది యూరప్ కొలమానం, లేకుంటే చాలావరకు అమెరికా కొలమానం. పి600 పేపర్‌లో రేణువు సగటున సుమారు 26 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండగా, అమెరికా కొలమానంలోని 600లో అది సుమారు 16 మైక్రాన్లే, అంటే దాదాపు పి1200తో సమానం. ఒకే సంఖ్య అనుకుని రెండు రకాలను కలిపి కొన్నవారు ప్రైమర్ మీద అవసరానికి మించిన నునుపు తెచ్చి, పై పొర పట్టుకోవడానికి కావలసిన గరుకును పోగొట్టుకునే ప్రమాదం ఉంది. వెనుక ఏ గుర్తూ లేని పేపర్‌ను, ఎంత చవకగా దొరికినా, ఈ పనికి నేను సిఫారసు చేయను. అలాంటి వాటిలో అక్కడక్కడా ఉండే పెద్ద రేణువు ఒక్కటి చాలు, మెటాలిక్ రంగు ఆరాక కూడా కనిపించే లోతైన గీత మిగలడానికి.

మంచి పేపర్‌ను వాడేముందు పావుగంట నీళ్లలో నానబెడితే వీపు మెత్తబడి ట్యాంకు వంపులకు చక్కగా ఒదుగుతుంది. నాసిరకం పేపర్ నానగానే మడతల దగ్గర చిరిగి రేణువులు రాల్చేస్తుంది. నీళ్లలో ఒకటి రెండు చుక్కల సబ్బు కలిపి, చదునైన చోట రబ్బరు బ్లాక్‌కు చుట్టి రుద్దాలి. వేళ్లతో రుద్దితే ఒత్తిడి వేళ్ల కింద మాత్రమే పడి సన్నని గాడులు ఏర్పడతాయి. అంచుల దగ్గర పెయింటు పొర సహజంగానే పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ చివరగా, తేలికగా రుద్దడం మేలు. ప్రైమర్ మీద నల్ల రంగు పలచగా చల్లి రుద్దితే పల్లాల్లో నలుపు మిగిలి, ఇంకా పని ఎక్కడుందో స్పష్టంగా కనబడుతుంది. నంబరు మార్చిన ప్రతిసారీ రుద్దే దిశ కూడా మార్చితే పాత గీతలు పూర్తిగా పోయాయో లేదో తెలుసుకోవచ్చు. రుద్దిన బురదను ఆరనివ్వకుండా వెంటనే కడగాలి, లేకుంటే అది గీతల్లో గట్టిపడుతుంది.

ఇక పరిమితుల విషయానికి వస్తే, పాలియెస్టర్ పుట్టీ నీటిని పీల్చుకుంటుంది. ఆ తేమ రంగు కింద చిక్కుకుంటే కొంతకాలానికి పై పొర బుడగలుగా లేస్తుంది. అందువల్ల పుట్టీని ముక్కుకు మాస్కు కట్టుకుని పొడి పేపర్‌తోనే రుద్దాలి. బయటపడిన ఉక్కు తడిస్తే చాలా త్వరగా తుప్పు ఛాయ పడుతుంది, దానిమీద ప్రైమర్ నిలవదు. పాలిష్‌లోని మైనం, సిలికాన్ ఉన్న చోట ఏ పేపర్ వాడినా అవి గీతల్లోకి చొచ్చుకుపోయి తర్వాత రంగులో చేపకన్ను లాంటి గుంటలు తెస్తాయి కాబట్టి, రుద్దడానికి ముందే జిడ్డు తీసే ద్రావకంతో తుడవడం తప్పనిసరి. ప్లాస్టిక్ భాగాల లోపలివైపు ముద్రించిన గుర్తును కూడా చూడాలి. ఏబీఎస్, పీపీ అన్నవి ప్లాస్టిక్ రకాలు. ఏబీఎస్ అయితే గరుకు చేసి సరైన ప్రైమర్ వేస్తే రంగు బాగా పట్టుకుంటుంది, పీపీ అని ఉంటే ఎంత రుద్దినా చాలదు, రంగు అతుక్కోవడానికి తోడ్పడే పూత, అంటే అడ్హీషన్ ప్రమోటర్ వేయవలసిందే.

ఒక బైకు మొత్తానికి పి320, పి400, పి600, పి800 షీట్లు కొని పెట్టుకుంటే సరిపోతుంది. పాత పెయింటును చదును చేయడానికి మొదటి రెండు, ప్రైమర్‌ను సాదా రంగుకు సిద్ధం చేయడానికి పి600, మెటాలిక్ రంగుకు ముందు పి800 వాడవచ్చు. పి1500, పి2000 క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత) ఆరాక పాలిష్‌కు ముందు మాత్రమే అవసరమవుతాయి కాబట్టి వాటిని ముందే కొననవసరం లేదు.